కొత్త టర్న్‌టేబుల్, సాయంత్రం వచ్చే గర్‌ర్ శబ్దం, చివరి పాటలో చిట్లే 'స'

మద్రాసు వేళచ్చేరి మిత్రుడు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. సుమారు మూడున్నర లక్షలు పెట్టి టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ (ముల్లుతో గాడి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క), ఫోనో స్టేజ్ (ఆ సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) కొన్నారు. మూడు వారాలైంది. సాయంత్రమైతే స్పీకర్లలో సన్నగా గర్‌ర్ మంటోంది. రికార్డు చివరి పాటకి వచ్చేసరికి 'స', 'శ' అక్షరాలు చిట్లిపోతున్నాయి. సీడీతో పోలిస్తే సౌండ్ తక్కువగా, పలచగా ఉంది. ఒక స్నేహితుడు 40,000 రూపాయల కేబుల్ వేయమన్నాడు. ఇంకొకాయన పవర్ కండిషనర్ (కరెంటుని శుభ్రం చేసే పెట్టె) లేకుండా లాభం లేదన్నాడు. అమ్మినవాళ్ళేమో 100 గంటలు వాయించండి, అదే సర్దుకుంటుంది అన్నారు. ఇంత ఖర్చూ నాన్నగారు దాచుకున్న అరవై డెబ్భై రికార్డుల కోసం.

నా సలహా ఒక్కటే. నెల రోజుల పాటు కేబుల్ వద్దు, కండిషనర్ వద్దు. మీరు చెప్పిన మూడు జబ్బులూ వస్తువులోవి కావు, అమరికలోవి. ఖర్చంటూ అయితే ఒక ఫ్యాన్ రెగ్యులేటర్‌కీ, ఒక జంపఖానాకీ అవుతుంది. నమ్మకం కలగకపోతే చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

సౌండ్ తక్కువన్నది అన్నిటికన్నా తేలిక, ముందు అది తేల్చేద్దాం. ఫోనో స్టేజ్‌ని తిరగేసి చూడండి. అడుగునో వెనకో పంటి పుల్లతో తప్ప కదలని చిన్న స్విచ్‌లు ఉంటాయి. చాలావరకు అవి ఫ్యాక్టరీ నుంచి ఎం.ఎం., అంటే మూవింగ్ మాగ్నెట్ మీద పెట్టి వస్తాయి. ఆ రకం కార్ట్రిడ్జ్ 3 నుంచి 5 మిల్లీవోల్టుల దాకా ఇస్తుంది. మీ మూవింగ్ కాయిల్ ఇచ్చేది అందులో పదో వంతు, ఏ 0.4 మిల్లీవోల్టో. ఎం.ఎం. స్థానంలో గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, 40 డెసిబెల్స్, అంటే 100 రెట్లు. మీకు కావాల్సింది 60 డెసిబెల్స్, అంటే 1000 రెట్లు. స్విచ్ మార్చండి. మార్చేటప్పుడు యాంప్లిఫయర్ ఆఫ్ చేసి ఉండాలి, లేకపోతే వచ్చే 'ఢబ్' శబ్దానికి స్పీకర్ల కంటే ముందు మీ గుండె ఆగుతుంది.

మార్చాక కూడా సీడీ అంత గట్టిగా రాదు. 0.4 మిల్లీవోల్టుని వెయ్యి రెట్లు చేస్తే 0.4 వోల్టు. సీడీ ప్లేయర్ మామూలుగా 2 వోల్టులు ఇస్తుంది. అందుకని వాల్యూమ్ నాబ్ ఇంకొంచెం ఎక్కువ తిప్పాల్సి వస్తుంది. అది లోపం కాదు. ఆ స్విచ్‌ల పక్కనే లోడింగ్ (కార్ట్రిడ్జ్‌కి ఎదురయ్యే నిరోధం) అని ఇంకో వరస ఉంటుంది. 47 కిలో ఓమ్స్ మూవింగ్ మాగ్నెట్‌కి. మూవింగ్ కాయిల్‌ని దాని మీదే వదిలేస్తే పైస్థాయి గీసుకుపోయినట్టు, కింద ఏమీ లేనట్టు వినిపించవచ్చు. మీరు పలచన అన్నది బహుశా ఇదే. 100 ఓమ్స్ దగ్గర మొదలుపెట్టండి. కార్ట్రిడ్జ్ కాగితంలో ఇంకో అంకె ఉంటే అదే వేదం.

ఇక గర్‌ర్. దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మద్రాసులో నేను చూసిన సగం ఇళ్ళలో దీనికి మూలం గోడ మీదే ఉంటుంది.

స్టైలస్ (ముల్లు) రికార్డు మీద పెట్టకండి, ఆర్మ్ (దాన్ని మోసే కడ్డీ) స్టాండ్ మీదే ఉండనివ్వండి. రోజూ వినే వాల్యూమ్ పెట్టి సాయంత్రం ఏడింటికి కూర్చోండి. ముందు చెవి పెట్టి ఆ శబ్దం ఏ రకమో చూడండి. లోతుగా 'ఊఁ' అని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడ్డట్టు వస్తే అది హమ్, 50 హెర్ట్జ్‌ది. ఎర్త్ గొడవో, కార్ట్రిడ్జ్ పక్కనే యాంప్లిఫయర్ ఉండటమో కారణం. కందిరీగ గొంతుతో గర్‌ర్ అంటే అది బజ్. మీరు రాసిన మాటల్ని బట్టి మీది రెండోది. ఇప్పుడు లేచి ఫ్యాన్ ఆపండి. తగ్గిందా? మళ్ళీ వేసి రెగ్యులేటర్‌ని ఒకటో నంబరు నుంచి పైకి తిప్పుతూ వినండి. మధ్య నంబర్లలో గర్‌ర్ పెరిగి, ఫుల్‌లో పెడితే బాగా తగ్గిపోతే దొంగ దొరికినట్టే.

మెత్తగా గిర్రున తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌లో ట్రయాక్ అని ఒక ముక్క ఉంటుంది. అది కరెంటు అలలో ప్రతిసారీ కొంత భాగం కోసేస్తుంది. సెకనుకి 50 అలలు, ఒక్కో అలలో రెండు సార్లు కోత, మొత్తం 100 కోతలు. ఆ కోసిన అంచు పదును వైర్లలోనూ గాల్లోనూ పాకుతుంది. మామూలు సీడీ, ఫోన్ సిగ్నల్స్‌కి అది లెక్కలోకి రాదు. 0.4 మిల్లీవోల్టుని వెయ్యి రెట్లు చేసే పెట్టెకి మాత్రం పండగ. పగలు ఏసీ వేసుకుని, సాయంత్రం ఫ్యాన్‌కి మారే ఇళ్ళలో అందుకే ఇది సాయంత్రపు జబ్బులా కనిపిస్తుంది. టక్ టక్ మని మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ వేయించండి. వందల్లో అయిపోతుంది. డిమ్మర్ పెట్టిన లైట్లున్నా, చవక ఎల్‌ఈడీ బల్బులున్నా ఇదే పరీక్ష: ఒక్కొక్కటే ఆపుతూ వినడం. ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని కాస్త వింతగా చూస్తారు, పర్వాలేదు.

ఫ్యాన్ ఆపినా మారకపోతే ఎర్త్ వైపు రండి. టర్న్‌టేబుల్ వెనక నుంచి సౌండ్ సిగ్నల్ తెచ్చే రెండు ఆర్‌సీఏ వైర్లతో పాటు సన్నటి మూడో వైరు వస్తుంది, చివర చీలిన రాగి రేకుతో. అది ఫోనో స్టేజ్ మీద జీఎన్‌డీ (గ్రౌండ్) అని రాసిన స్క్రూకి బిగించాలి. యాంప్లిఫయర్‌కి కాదు, గోడ సాకెట్‌కి అసలే కాదు. బెసంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రం పక్క ఇళ్ళలో ఆ రాగి రేకు ఏడాది తిరక్కుండానే నల్లబడి పచ్చగా కిలుం పడుతుంది. మీకు అంత దగ్గర కాదు గానీ ఉప్పుగాలి వేళచ్చేరికి రాదని చెప్పలేం. హెడ్‌షెల్ (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ బిగించే రేకు) పిన్నులు, ఆర్‌సీఏ కొసలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్‌బడ్‌తో ఆరు నెలలకోసారి తుడవండి.

ఇంకో చిన్న పరీక్ష. ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్ళెం) ఆపి, స్టైలస్ గార్డు తొడిగి, ఆర్మ్‌ని చేత్తో రికార్డు మీదుగా మెల్లగా అటూ ఇటూ జరపండి. ఆర్మ్ ఒక వైపు వెళ్ళినప్పుడు హమ్ పెరుగుతుంటే ఆ వైపున్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జ్ పట్టుకుంటోందన్నమాట. యాంప్లిఫయర్‌ని రెండడుగులు పక్కకి జరిపితే పోతుంది. టీవీ సెట్‌టాప్ బాక్స్ అదే యాంప్లిఫయర్‌కి తగిలించి ఉంటే కేబుల్ టీవీ వైరు కూడా ఒకసారి పీకి చూడండి. ఇంటికి రెండు వైపుల నుంచి ఎర్త్ వస్తే మధ్యలో హమ్ పుడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లగ్గులో మూడో పిన్ను తీసేస్తే శబ్దం పోతుందని ఎవరో ఒకరు చెప్తారు. పోతుంది కూడా. దాంతో పాటు మీ ప్రాణానికున్న కాపలా పోతుంది. మెటల్ బాడీ ఉన్న యాంప్లిఫయర్ ఎర్త్ ఎప్పుడూ తీయకూడదు. మీరుండేది పాత అపార్ట్‌మెంట్ అయితే సాకెట్‌లో మూడో కన్నం వెనక అసలు వైరే లేకపోవచ్చు. మా పశ్చిమ మాంబళం ఇంట్లో హాలంతా అదే పరిస్థితి, పదేళ్ళు కాపురం చేశాక తెలిసింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవమనండి. మొదటిది 230 చుట్టుపక్కల, రెండోది ఒకటి రెండు వోల్టుల్లో ఉంటే నిశ్చింత. రెండోది ఎక్కువుంటే కింద ఎర్త్ గుంత ఎండిపోయి ఉండొచ్చు. దానికి నీళ్ళు పోయమని వాచ్‌మన్‌కి చెప్పడం కండిషనర్ కంటే చవక.

బావగారు అమెరికా నుంచి తెచ్చిన పెట్టెల గురించి కూడా ఇక్కడే అనేస్తాను, చాలామంది అడుగుతుంటారు. 120 వోల్టుల దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది, ఫ్రీక్వెన్సీ మారదు. ఏసీ సింక్రనస్ మోటార్ (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరిగేది) ఉన్న టర్న్‌టేబుల్ 60 హెర్ట్జ్‌కి చేసిందైతే మన 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33⅓కి బదులు 27.8 చుట్లు తిరుగుతుంది. సుశీలమ్మ గొంతు ఎవరో మగాయన పాడినట్టు వస్తుంది. క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్‌కీ, డీసీ మోటార్‌కీ ఈ బాధ లేదు.

చివరి పాటలో చిట్లే 'స' దగ్గరికొద్దాం. 100 గంటలు వాయించినా ఇది పోదు. కొత్త కార్ట్రిడ్జ్‌లో రబ్బరు సస్పెన్షన్ సర్దుకోవడానికి కొన్ని పదుల గంటలు పట్టేమాట నిజమే, కింది స్థాయి కొంచెం విచ్చుకుంటుంది. కానీ మొదటి పాట శుభ్రంగా ఉండి చివరి పాటే చిట్లుతోందంటే అది రన్నింగ్-ఇన్ సంగతి కాదు, జ్యామితి సంగతి.

ఎల్పీ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. కానీ అంచు దగ్గర స్టైలస్ కింద సెకనుకి 51 సెంటీమీటర్ల గాడి జారిపోతే, లోపల లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే. బయట అంత పొడవులో విశాలంగా రాసిన 'స'ని లోపల సగం కంటే తక్కువ జాగాలో ఇరికించి రాశారు. స్టైలస్ ఒక్క డిగ్రీ వంకరగా కూర్చున్నా బయట సరిపెట్టుకుంటుంది, లోపల దొరికిపోతుంది.

కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే ప్రొట్రాక్టర్ కాగితం ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది. ప్రింట్ తీశాక అందులోని 100 మిల్లీమీటర్ల గీతని స్టీలు స్కేలుతో కొలవండి. ప్రింటర్ దాన్ని పేజీకి సరిపెడుతున్నానని 97కి కుదించి ఉంటుంది చాలాసార్లు. ఆ కాగితంతో సర్దితే ఉన్న తప్పుకి ఇంకో తప్పు కలుస్తుంది. స్పిండిల్ (రికార్డు కన్నంలో దూరే కడ్డీ) నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒక చుక్క, 120.9 దగ్గర ఒక చుక్క ఉండే రకం తీసుకోండి. చుక్క మీద స్టైలస్ కొస దించి, టార్చి వేసి, ఎదుటి నుంచి ఒక కన్ను మూసి చూడండి. కార్ట్రిడ్జ్ బాడీ కాదు, స్టైలస్‌ని మోసే వెంట్రుక లాంటి కాంటిలీవర్ గళ్ళ గీతలకి సమాంతరంగా ఉండాలి. రెండు చుక్కల దగ్గరా కుదిరేదాకా హెడ్‌షెల్ స్క్రూలు వదులు చేసి జరపాలి. గంట పడుతుంది. మొదటిసారి రెండు గంటలు. ఈ పని భోజనం చేశాక, ఇంట్లో ఎవరూ పిలవని సమయం చూసుకుని పెట్టుకోండి.

ఇంకా ముఖ్యం, స్క్రూ బిగించేటప్పుడు గార్డు తొడిగి ఉండాలి. నా మొట్టమొదటి మూవింగ్ కాయిల్ కథ ఇది. గార్డు తీసేసి మామూలు ఇనప స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళాను. ఈ కార్ట్రిడ్జ్‌లలో అయస్కాంతం ఎంత బలంగా ఉంటుందో అప్పటికి తెలీదు. అంగుళం దూరం నుంచి స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి లాక్కున్నట్టు వెళ్ళి తగిలింది. టిక్ మని చిన్న శబ్దం. కాంటిలీవర్ పక్కకి ఒరిగింది. నెల జీతం. మా ఆవిడ "ఏమైంది" అని అడిగితే "ఏం లేదు" అన్నాను, ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా తెలీదు.

స్టైలస్ రికార్డు మీద మోపే బరువు తూచడంలోనూ ఇదే అయస్కాంతం మోసం చేస్తుంది. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కొందరు వాడతారు. పళ్ళెం స్టీలుదైతే కార్ట్రిడ్జ్ దాన్ని లాగుతుంది, 2 గ్రాముల చోట ఇంకేదో చూపిస్తుంది. ప్లాస్టిక్ పళ్ళెం ఉన్న స్టైలస్ కాటానే వాడండి, రికార్డు ఉండే ఎత్తులోనే పెట్టి తూచండి. కంపెనీ 1.8 నుంచి 2.2 గ్రాములు అంటే 2 దగ్గర పెట్టండి, 1.8 దగ్గర కాదు. బరువు తక్కువైతే రికార్డు అరగదని చాలామంది అనుకుంటారు. నిజానికి తేలికైన స్టైలస్ గాడిలో నిలవలేక ఎగిరి గోడల్ని కొడుతుంది, అరుగుదల దానివల్లే ఎక్కువ. యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి లాగబడకుండా ఆపే అమరిక) ముందు అంతే అంకె మీద పెట్టి, కుడి చెవిలో చిట్లుతోందా ఎడమలోనా విని కొద్దిగా మార్చుకోండి.

టర్న్‌టేబుల్ ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. స్పీకర్లున్న బల్ల మీదే ఉంటే అక్కడి నుంచి తీసేయండి. మన పాత ఫ్లాట్లలో గోడలోకి దింపిన నల్లరాయి అరలుంటాయి కదా, ఇక్కడివాళ్ళు కడప్పా కల్ అంటారు. మా కడప నాపరాయే. దానంత మంచి టర్న్‌టేబుల్ స్టాండ్ లక్ష పెట్టినా దొరకదు. గోడకి పట్టి ఉంటుంది కాబట్టి నడిచినా అదరదు. రాయి గంటలా మోగకుండా కింద కార్క్ ముక్కలు నాలుగు చాలు.

గది గురించి రెండు ముక్కలు. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. టైల్స్ నేల, అద్దాల కిటికీ, ఖాళీ గోడ ఉంటే చప్పట్ల వెనకే 'ట్రింగ్' అని తోక వినిపిస్తుంది. మీ లక్షల పరికరం మీద ఆ తోక ప్రతి 'త'కీ 'చ'కీ తగులుకుంటుంది. అమ్మ దగ్గర పాత జంపఖానా ఉంటే తెచ్చి స్పీకర్లకీ మీకూ మధ్య పరవండి. ఒకటి చాలకపోతే రెండు మడతలు. కిటికీకి మందపు తెర. స్పీకర్లు వెనక గోడకి కనీసం రెండడుగులు ఎడంగా, రెండిటి మధ్య దూరమూ మీకూ వాటికీ దూరమూ ఒకటే వచ్చేలా టేపుతో కొలిచి పెట్టండి. చూపు అంచనా వద్దు, నాలుగంగుళాల తేడా గొంతుని ఒక పక్కకి లాగేస్తుంది.

ఇక మీరు అసలు దేనికోసం కొన్నారో అది, నాన్నగారి రికార్డులు. అందులో 50లు, 60లనాటి తెలుగు పాటలుంటే అవి దాదాపు అన్నీ మోనో. ఆ పాటల్లో చాలా భాగం మీ ఇంటికి ఓ పది కిలోమీటర్ల దూరంలో, వడపళని చుట్టుపక్కల స్టూడియోల్లో రికార్డయి, కలకత్తా డమ్‌డమ్‌లో అచ్చయి, ఏ నెల్లూరో బెజవాడో వెళ్ళి, మళ్ళీ మీతో ఈ ఊరు వచ్చాయి.

మోనో గాడిలో పాట అంతా పక్కపక్కకి కదిలే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందకీ కదిలించేది దుమ్ము, గీతలు, అరుగుదల. స్టీరియో కార్ట్రిడ్జ్ రెండిటినీ చదివేస్తుంది. యాంప్లిఫయర్ మీదో ఫోనో స్టేజ్ మీదో మోనో అనే బటన్ ఉంటే నొక్కండి. రెండు చానళ్ళు కలిసినప్పుడు నిలువు కదలిక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. చిటపటలు సగానికి సగం కిందకి దిగిపోయి, ఘంటసాల గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య, ఒక మనిషి నిలబడేంత వెడల్పులో వచ్చి నిలుస్తుంది. నేను ఎంతోమంది ఇళ్ళలో ఈ బటన్ నొక్కి చూపించాను, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. మీ సన్నటి మొన స్టైలస్ వల్ల ఇంకో లాభం ఉండొచ్చు. పాత ముళ్ళు గాడి గోడని ఒక ఎత్తులో అరగదీసి ఉంటే ఇది వేరే ఎత్తులో, అరగని చోట నడవవచ్చు.

వాయించే ముందు కడగండి. డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క సువాసన లేని డిష్ లిక్విడ్, మెత్తటి బ్రష్, ఆ తర్వాత మళ్ళీ శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు, ఈ ఊరి నీళ్ళలోని ఉప్పు ఆరాక గాడిలోనే ఉండిపోతుంది. లేబుల్ తడవకూడదు. పాత కాగితం కవర్లలో బూజు వాసన వస్తే అవి పారేసి కొత్త లోకవర్లు వేయండి, పైకవర్లు మాత్రం నాన్నగారి చేతిరాత ఉంటే దాచండి.

పెట్టె అడుగున బరువుగా, గట్టిగా, తడితే పింగాణీలా మోగే రికార్డులు కనిపిస్తే ఆగండి. అవి 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి), లక్కవి. మన దేశంలో 1960లలో కూడా అచ్చయ్యాయి కాబట్టి మీకు తగిలే అవకాశం ఎక్కువే. వాటి గాడి వెడల్పు. మీ స్టైలస్ కొస 18 మైక్రాన్ల ప్రాంతం, వాటికి కావాల్సింది 65 నుంచి 75. మీది గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుంటూ పోతుంది, పాటా రాదు, స్టైలసూ మిగలదు. వాటికి విడిగా 78 స్టైలస్ ఉన్న ఒక చవక మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ వేరే హెడ్‌షెల్‌లో బిగించుకోవాలి, అదీ నెల తర్వాత. ఆల్కహాల్ కలిసిన ఏ క్లీనర్ కూడా వాటి మీద పోయకండి, లక్క కరిగిపోతుంది.

ఈ శనివారం ముందు స్విచ్‌లు, తర్వాత ఫ్యాన్. ప్రొట్రాక్టర్ ఆదివారానికి ఉంచండి. ఫ్యాన్ ఆపితే గర్‌ర్ మారిందో లేదో ముందు నాకు రాయండి. మారకపోతే హాలు సాకెట్ల ఫొటో, టర్న్‌టేబుల్ వెనక భాగం ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.